ఆన్‌లైన్ టెస్ట్‌లో కీలన్నీ పచ్చగా వెలిగితే కీబోర్డ్ బాగున్నట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి చూశారు. అమ్మే ఆయన పావుగంట చూసుకోమన్నాడు. కీబోర్డ్ టెస్ట్ చేసే పేజీ ఒకటి తెరిచి అన్ని కీలూ ఒక్కొక్కసారి నొక్కి, అన్నీ పచ్చగా వెలిగితే డబ్బులు ఇచ్చేయొచ్చా అని. తెలుగులో కూడా రోజూ టైప్ చేస్తానని చివర్లో ఒక ముక్క రాశారు. ఆ ముక్క వల్లే ఇంత పొడుగ్గా రాయాల్సి వస్తోంది.

సూటిగా చెప్పాలంటే: సరిపోదు. పచ్చగా వెలిగిందంటే ఆ కీ ఆ ఒక్కసారి పలికింది, అంతే. కీబోర్డ్ పాడవడం బల్బు మాడిపోయినట్టు ఒక్క దెబ్బన ఉండదు. కుళాయిలో వాషర్ అరిగినట్టు ఉంటుంది. కొన్నాళ్లు గట్టిగా తిప్పితే ఆగుతుంది, కొన్నాళ్లు కారుతుంది. కీ కూడా అంతే. పదిసార్లు నొక్కితే ఎనిమిదిసార్లు సరిగ్గా వస్తుంది, ఒకసారి రాదు, ఒకసారి రెండక్షరాలు పడతాయి. ఆ ఎనిమిదిలో ఒకటి మీ టెస్ట్‌కి దొరికిందంటే పేజీ నిండా పచ్చదనమే. అందుకని నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీనీ మూడేసిసార్లు కొట్టి లెక్క చూడండి, రెండు షిఫ్ట్‌లనూ విడివిడిగా చూడండి, ల్యాప్‌టాప్ కాస్త వేడెక్కాక ఇంకోసారి చూడండి. పావుగంట కాదు, అరగంట అడగండి. టీ తాగుతూ కూర్చుంటానని చెప్పండి. ఇవ్వనంటే అదే ఒక సమాధానం.

నా సంగతి రెండు మాటల్లో. ఖమ్మంలో చిన్న సర్వీస్ షాపు నాది. అంతకుముందు డీటీపీ, అంటే అచ్చు కోసం కంప్యూటర్‌లో అక్షరాలు కూర్చే పని, చేసేవాణ్ణి. రోజుకు పది గంటలు కీబోర్డ్ మీదే బతుకు. ఇప్పుడు ఆ కీబోర్డులే విప్పుతున్నాను. విడిభాగాలు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పిస్తాను. బల్ల మీదికి వచ్చే ల్యాప్‌టాపుల్లో కీబోర్డ్ కంప్లయింట్లు ఎప్పుడూ ఉంటాయి. వానాకాలం, పెళ్లిళ్ల సీజన్ వస్తే ఇంకా ఎక్కువ. పెళ్లిళ్ల సీజన్ ఎందుకంటే, మీకు తెలుసు, టీ గ్లాసులు.

మూడుసార్ల లెక్క

నోట్‌ప్యాడ్ తెరవండి. వ్యూ మెనూలో స్టేటస్ బార్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. కింద లైన్ నంబరు, కాలమ్ నంబరు కనపడాలి. వర్డ్‌లో మాత్రం చేయకండి, ఆటో కరెక్ట్ మీకు తెలియకుండా దిద్దేస్తుంది. విండోస్ 11 కొత్త నోట్‌ప్యాడ్‌లో కూడా ఆటో కరెక్ట్ వచ్చింది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్నీ ఆపండి.

ఇప్పుడు అంకెల వరుసతో మొదలుపెట్టండి. ఎడమ చివర ట్యాబ్ పైన ఉండే ` కీ నుంచి = దాకా 13 కీలు. ఒక్కో కీని మూడుసార్లు, మామూలు వేగంతో, మామూలు బలంతో. అయ్యాక కర్సర్ ఎక్కడుందో కింద చూడండి. 13 మూళ్లు 39 కాబట్టి కాలమ్ 40 అని ఉండాలి. ఎంటర్ కొట్టి కింది వరుస: క్యూ నుంచి \ దాకా మళ్లీ 13 కీలు, మళ్లీ కాలమ్ 40. మూడో వరుసలో ఏ నుంచి ' దాకా 11 కీలు, కాలమ్ 34. ఆఖరి వరుసలో జెడ్ నుంచి / దాకా 10 కీలు, కాలమ్ 31. మొత్తం 47 కీలు. తీరిగ్గా కొట్టినా మూడు నిమిషాలు పట్టదు.

అంకె ఒకటి తక్కువ వస్తే ఎక్కడో ఒక దెబ్బ పడలేదు. ఒకటి ఎక్కువైతే ఎక్కడో ఒక కీ రెండుసార్లు పలికింది. ఒక కీలో తగ్గి ఇంకో కీలో పెరిగితే మొత్తం సరిపోతుంది కదా అంటారు, నిజమే. అందుకే అంకె చూశాక లైన్ మీద కూడా ఒకసారి కన్ను వేయండి. మూడేసి అక్షరాల గుంపుల మధ్య నాలుగు ఉన్నా, రెండు ఉన్నా వెంటనే పట్టుబడతాయి. ఒకసారి కొడితే ఇది కనపడదు, పదేసిసార్లు కొడితే లెక్క తప్పుతుంది. మూడు సరిగ్గా సరిపోతుంది. ఇది ఎవరో నేర్పింది కాదు, డీటీపీ రోజుల్లో కొత్త కీబోర్డ్ కొనేటప్పుడు కొట్టు ముందు నిలబడి నాకు నేనే అలవాటు చేసుకున్నది.

ఈ పనంతా వేలు కీ మధ్యలో పెట్టి చేస్తాం కదా. ఇంకోసారి కొన్ని కీలను అంచుల మీద నొక్కండి. ముఖ్యంగా స్పేస్ బార్ ఎడమ చివర, కుడి చివర, మధ్యలో. ఎంటర్, బ్యాక్‌స్పేస్, రెండు షిఫ్ట్‌లు కూడా. పొడుగు కీల కింద సన్నటి ఇనుప తీగ ఒకటి ఉంటుంది. కీ ఏ మూల నొక్కినా మొత్తం సమంగా దిగేలా చూసేది అదే. ఎవరైనా కీ పీకి తుడిచి మళ్లీ పెట్టేటప్పుడు ఆ తీగ కొక్కెంలో పడకపోతే కీ పైకి బాగానే కనపడుతుంది, మధ్యలో నొక్కితే పనిచేస్తుంది, చివర నొక్కితే ఒరిగిపోతుంది. మనలో చాలామంది స్పేస్ కొట్టేది బొటనవేలితో, ఏదో ఒక పక్కనే. టెస్ట్ చేసేటప్పుడేమో చూపుడు వేలితో నడిమధ్యన నొక్కుతాం.

తర్వాత ఒక అక్షరం కీ నొక్కి పట్టుకోండి. ఒకటి పడి, చిన్న విరామం తర్వాత వరుసగా పడుతూ ఉండాలి. వేలు తీయగానే ఆగాలి. తీశాక కూడా ఒకటో రెండో పడితే కీ పైకి లేవడం బద్ధకిస్తోందని అర్థం. లోపల జిగురు ఉంది. చక్కెర టీ అనుకోండి.

తెలుగు టైప్ చేసేవాళ్లకు అసలు సంగతి

ఇంగ్లీషులో కీ తప్పితే పదం కింద ఎర్రగీత పడుతుంది. తెలుగులో తప్పు పడితే చాలాసార్లు ఇంకో మంచి పదమే తయారవుతుంది. మీరు ఫొనెటిక్‌లో, అంటే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో, కొడతారనుకుందాం. ఎల్ కీ రెండుసార్లు పలికితే 'కల' కాస్తా 'కల్ల' అవుతుంది. డీ రెండుసార్లు పడితే 'మది' 'మద్ది' అవుతుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, ఏ స్పెల్ చెకరూ ఏమీ అనదు. మీ ల్యాప్‌టాప్ మీ కలల్ని కల్లలు చేస్తున్నా మీకు తెలియదు, చదివినవాళ్లు మీకు తెలుగు రాదనుకుంటారు.

షిఫ్ట్ సంగతి ఇంకా చిత్రం. ఒక కేసు చెప్తాను. మా ఊళ్లోనే శుభలేఖలు చేసే ఒకాయన ఉన్నాడు. ఆర్‌టీఎస్ పద్ధతిలో (అదీ ఇంగ్లీషు అక్షరాలతోనే, చిన్న ఎస్ కొడితే స, షిఫ్ట్‌తో పెద్ద ఎస్ కొడితే శ) యూనికోడ్‌లో కొట్టి, తర్వాత అచ్చుపనికి వాడే అను ఫాంట్లలోకి మార్చుకుంటాడు. 'శుభలేఖ' అని కొడితే 'సుభలెఖ' అని పడుతోందని, 'వేడుక' 'వెదుక' అవుతోందని, ఫాంట్ కన్వర్టర్ పాడైందేమో చూడమని తెచ్చాడు. 'పెళ్లి'లో ళ మాత్రం చక్కగా వస్తోంది. కన్వర్టర్ జోలికి నేను పోలేదు. ఆయన చేతులు చూశాను. ఆయన టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న మనిషి, పది వేళ్లతో కొడతాడు. అలా నేర్చుకున్నవాళ్లు ఎడమచేతి అక్షరానికి కుడి షిఫ్ట్, కుడిచేతి అక్షరానికి ఎడమ షిఫ్ట్ వాడతారు. శకి వాడే ఎస్, డకి వాడే డీ, టకి వాడే టీ, ఏత్వానికి వాడే ఈ, నాలుగూ ఎడమచేతివి. వాటికి కావాల్సింది కుడి షిఫ్ట్. ళకి ఎల్, ణకి ఎన్ కుడిచేతివి, వాటికి ఎడమ షిఫ్ట్. ఆయన కుడి షిఫ్ట్ పోయింది, అంతే. చెకింగ్ పేజీలో నొక్కితే మాత్రం వెలిగింది! ఎందుకంటే పేజీ ముందు కూర్చున్నప్పుడు మనిషి కీని శ్రద్ధగా, లోపలిదాకా నొక్కుతాడు. పనిలో ఉన్నప్పుడు చిటికెన వేలు తాకీ తాకనట్టు తాకుతుంది.

కాబట్టి కుడి షిఫ్ట్‌ని చిటికెన వేలితో పట్టుకుని ఎడమచేతి అక్షరాలు కొట్టి చూడండి, ఎడమ షిఫ్ట్‌తో కుడిచేతివి. 'పాట' కొడితే 'పాత' రాకూడదు. 'కళ' కొడితే 'కల' రాకూడదు. రెండు వేళ్లతో కొట్టేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు, వాళ్లు చాలావరకు అన్నిటికీ ఎడమ షిఫ్టే వాడతారు. వాళ్ల ల్యాప్‌టాపుల్లో కుడి షిఫ్ట్ పెళ్లినాటి పట్టుచీరలా కొత్తగానే ఉంటుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో, అంటే కీల మీద నేరుగా తెలుగు అక్షరాలే ఉండే లేఅవుట్‌లో, కొట్టేవాళ్లయితే ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషువాళ్లు ఏడాదికి ఒకసారి కూడా ముట్టని కీల మీద మన అక్షరాలు కూర్చున్నాయి. ట్యాబ్ పైన ఉన్న ` మీద ఒత్వం, [ మీద డ, ; మీద చ, ' మీద ట, / మీద య. పొల్లు, అంటే ఒత్తులు తెప్పించే కీ, డీ మీద ఉంది. తెలుగులో ఒత్తు లేని వాక్యం దొరకదు, కాబట్టి ఇన్‌స్క్రిప్ట్ వాడేవాడి కీబోర్డ్‌లో ముందు అరిగేది డీ. మీరు కొనబోయే ల్యాప్‌టాప్‌ని ఇంతకుముందు వాడింది ఎవరో, వాళ్లు ఏ కీలు వాడారో అచ్చు చెరిగిన కీలు చెప్పేస్తాయి. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ మాత్రం నున్నగా మెరుస్తుంటే కుర్రాడు గేములు ఆడాడు. కుడిపక్క నంబర్ ప్యాడ్, దాని ఎంటర్ అరిగితే అకౌంటెంట్ దగ్గరి నుంచి వచ్చింది. ఆ కీలను మూడుసార్లు కాదు, ఆరేసిసార్లు కొట్టండి.

కీబోర్డ్ తప్పు కాని తప్పులు

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. షాపు పెట్టిన రెండో ఏడు. ఒక రిటైర్డ్ మాస్టారు ల్యాప్‌టాప్ తెచ్చారు. ఏ కీ అయినా చాలాసేపు నొక్కిపెడితే గానీ అక్షరం పడట్లేదు. వయసైపోయిన కీబోర్డ్ అని చెప్పి కొత్తది తెప్పించి వేశాను. కొత్తదీ అచ్చం అలాగే ఉంది. ఆ సాయంత్రం నాకు పట్టిన చెమట ఇంకా గుర్తుంది. చివరికి తేలిందేమిటంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉంది. కుడి షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఆన్ చేయాలా అని అడుగుతుంది. మాస్టారు చెయ్యి ఆనించి ఆలోచించుకునే మనిషి, వచ్చిన పెట్టెకి యస్ కొట్టేశారు. పాత కీబోర్డ్ మళ్లీ వేసి, డబ్బు తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి, కీబోర్డ్ కింద స్టికీ కీస్, ఫిల్టర్ కీస్ రెండూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో చూస్తాను. మీరూ టెస్ట్ మొదలుపెట్టే ముందు చూడండి. షిఫ్ట్ ఐదుసార్లు వరుసగా కొడితే వచ్చేది స్టికీ కీస్. పైన చెప్పిన మూడుసార్ల లెక్కలో షిఫ్ట్‌ని అలా కొడితే అదే వచ్చి కూర్చుంటుంది, కంగారుపడకండి.

తప్పు కీబోర్డ్‌దా, విండోస్‌దా తేల్చడానికి దారి చాలా సులువు. విండోస్ రాకముందే చూడటం. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఏదో ఒకటి. అక్కడ విండోస్ సెట్టింగులేవీ ఉండవు. బాణాల కీలు, ఎంటర్, ఎస్కేప్ అక్కడే తెలిసిపోతాయి. బయోస్ పాస్‌వర్డ్ అడిగిందంటే కీబోర్డ్ సంగతి వదిలేయండి, ఆ ల్యాప్‌టాప్‌నే వదిలేయండి. కొన్ని కంపెనీల మోడళ్లలో ఇక్కడే హార్డ్‌వేర్ టెస్ట్ కూడా ఉంటుంది.

రెండో దారి, ఒక యూఎస్‌బీ కీబోర్డ్ జేబులో... జేబులో కాదులెండి, సంచిలో తీసుకెళ్లండి. దాన్ని పెట్టినా అదే తప్పు వస్తే సాఫ్ట్‌వేర్. దానితో బాగుండి లోపలిదానితోనే తప్పు వస్తే హార్డ్‌వేర్. మూడోది, విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది. దాని మీద మౌస్‌తో నొక్కితే అక్షరం పడి, అదే కీ చేత్తో కొడితే పడకపోతే తప్పు మీ వేళ్ల కిందే ఉంది.

యు నొక్కితే 4, ఐ నొక్కితే 5, ఓ నొక్కితే 6 పడుతున్నాయని హడలిపోయి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నంబర్ ప్యాడ్ లేని కొన్ని చిన్న ల్యాప్‌టాపుల్లో నమ్ లాక్ పడితే అక్షరాల కీలే అంకెలవుతాయి. అది జబ్బు కాదు.

ట్యాలీ వాడేవాళ్ల కేసు ఇంకోటి. ఎఫ్5 నొక్కితే పేమెంట్ వోచర్ రావాలి, తెర వెలుగు తగ్గుతోంది. ఎఫ్8 నొక్కితే సేల్స్ రావాలి, ఇంకేదో అవుతోంది. 'పై వరుస మొత్తం పోయింది' అని తెస్తారు. పోలేదు. చాలా ల్యాప్‌టాపుల్లో పై వరుస మొదట సౌండ్, వెలుగు లాంటి పనులకే కేటాయించి ఉంటుంది. ఎఫ్ఎన్ పట్టుకుని నొక్కితేనే అసలు ఎఫ్ కీ. కొన్నిటిలో ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి కొడితే తిరగబడుతుంది, కొన్నిటిలో బయోస్‌లో మార్చాలి. ఒక మాట: ఎఫ్ఎన్ కీని ఏ ఆన్‌లైన్ పేజీ కూడా చూపించలేదు. అది ల్యాప్‌టాప్ లోపలే తీర్పు అయిపోయే కీ, సాధారణంగా విండోస్ దాకా రాదు. పేజీలో అది వెలగలేదని బేరం తగ్గించమంటే అమ్మేవాడు నవ్వుతాడు. ప్రింట్ స్క్రీన్ కూడా ఆ పేజీల్లో సరిగ్గా పట్టుబడదు, దాన్ని నొక్కి స్క్రీన్‌షాట్ వస్తోందో లేదో చూసుకోండి.

పౌండ్ గుర్తు ఉన్న కీబోర్డ్

రీఫర్బిష్డ్, అంటే బాగుచేసి మళ్లీ అమ్మేవి, అన్న పేరుతో మన దగ్గరికి వచ్చే వాటిలో కొన్ని ఇంగ్లండ్ ఆఫీసుల్లో వాడినవి. 3 మీద £ గుర్తు ఉంటుంది, ఎంటర్ తలకిందులైన ఎల్ ఆకారంలో పెద్దగా ఉంటుంది, ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉండి దాని పక్కన \ కీ అదనంగా ఉంటుంది. మనవాళ్లు విండోస్ వేసేటప్పుడు మామూలుగా యూఎస్ లేఅవుట్ పెట్టేస్తారు. అప్పుడు కీ మీద " ఉన్న చోట @ పడుతుంది, @ ఉన్న చోట " పడుతుంది. పాస్‌వర్డ్‌లో @ ఉన్నవాళ్ల తిప్పలు చెప్పక్కర్లేదు. ఇది పాడైన కీబోర్డ్ కాదు. భాష సెట్టింగ్స్‌లో యూకే లేఅవుట్ పెడితే అచ్చు, అక్షరం కలుస్తాయి. కానీ మీరు ఇన్నాళ్లూ యూఎస్ కీబోర్డ్‌కి అలవాటుపడి ఉంటే ఎంటర్, ఎడమ షిఫ్ట్ దగ్గర వేళ్లు తడబడతాయి. చూసి కొనండి. మరొకటి, ఎవరో కీల మీద అక్షరాల స్టిక్కర్లు అతికించిన కీబోర్డ్ అయితే స్టిక్కర్ గోరుతో లేపి కింద ఏ భాష ఉందో చూడండి.

తప్పు ఉందని తేలితే, ఏ కీలు కలిసి పోయాయో రాసుకోండి

ఇది అందరూ వదిలేసే భాగం, నాకు మాత్రం ఇదే ముఖ్యం. వందకు పైగా కీలకు వందకు పైగా తీగలు వేయరు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలు గళ్ల నూలుచీరలా వేస్తారు. ప్రతి గడి కూడలి దగ్గర ఒక కీ. మీరు నొక్కితే ఒక అడ్డతీగ, ఒక నిలువుతీగ కలుస్తాయి. లోపలి చిప్ ఆ తీగలన్నిటినీ క్షణానికి ఎన్నోసార్లు తడుముతూ ఏ రెండు కలిశాయో కనిపెట్టి, అది ఫలానా కీ అని చెప్తుంది. ఇరవై ముప్పై తీగలతో పని గడిచిపోతుంది.

దీనివల్ల ఒక మేలు. ఒక్క కీ మాత్రమే పలక్కపోతే తప్పు ఆ కీ దగ్గరే. రబ్బరు బుడిపె అరిగిందో, కింద మట్టో, జంతికల పొడో. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనపడే నాలుగైదు కీలు ఒకేసారి పోతే అవి ఒకే తీగ మీదివి. తీగ తెగింది, లేదా మదర్‌బోర్డ్‌కి వెళ్లే రిబ్బన్ కేబుల్ చివర ఒక కాంటాక్ట్ పట్టుకోవట్లేదు. రెండోదైతే కీబోర్డ్ మార్చకుండానే బాగవ్వొచ్చు. లాకు ఎత్తి, రిబ్బన్ తీసి, చివర శుభ్రం చేసి, నిటారుగా మళ్లీ దూర్చితే సరి. ఏ కీలు ఏ తీగ మీద ఉంటాయో మోడల్‌ని బట్టి మారుతుంది. ఒక కీ నొక్కితే రెండు వేరువేరు అక్షరాలు పడితే రెండు తీగలు అంటుకున్నాయి. దానికి తొంభై పాళ్లు కారణం తడి. టీ ఒలికిన కీబోర్డ్ మొదటిరోజు బాగానే ఉంటుంది. ప్లాస్టిక్ పొరల మధ్య చేరిన చక్కెర నీళ్లు మెల్లగా తీగల్ని తింటాయి. నాలుగైదు రోజులకు ఒక కీ, రెండు వారాలకు ఇంకో మూడు. అమ్మేవాడు నిన్న తుడిచి ఇవాళ మీకు చూపిస్తుంటే పచ్చటి పేజీ పచ్చగానే ఉంటుంది. అందుకే కీల సందుల్లోకి ఫోన్ టార్చి అడ్డంగా వేసి చూడమంటాను. జిడ్డు మెరుపు, తెల్లటి చారలు, చచ్చిన చీమలు. చీమలున్నాయంటే అక్కడ తీపి ఉంది.

మూడు కీలు కలిపి పట్టుకుంటే ఒకటి పడట్లేదని కొందరు గాబరాపడతారు. రెండు షిఫ్ట్‌లూ పట్టుకుని అక్షరాలన్నీ కొడితే చాలా మామూలు కీబోర్డుల్లో కొన్ని అక్షరాలు మాయమవుతాయి. ఇది ఆ గళ్ల అల్లిక వల్లే. మూడు కూడళ్లు కలిస్తే నాలుగోది కూడా కలిసినట్టు చిప్‌కి అనిపిస్తుంది, అనుమానం వచ్చి చిప్ దాన్ని ఒప్పుకోదు. పాడవడం కాదు. గేములు ఆడేవాళ్లకే ఇది పట్టింపు.

మెకానికల్ కీబోర్డుల్లో డబుల్ పడటం వేరే కథ. లోపల రేకు తగిలినప్పుడు గెంతుతుంది. ఆ గెంతులు లెక్కలోకి రాకుండా సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లు చిప్ కళ్లు మూసుకుంటుంది. స్విచ్ పాతబడితే గెంతులు ఆ గడువు దాటతాయి. వాటిలో ఒక్క స్విచ్ మార్చుకోవచ్చు, ల్యాప్‌టాప్‌లో ఆ సుఖం లేదు.

వేడి, బ్యాటరీ

చల్లటి ల్యాప్‌టాప్‌లో బాగున్న కీ, అరగంట వీడియో నడిచాక మొరాయించడం నేను చాలాసార్లు చూశాను. సన్నటి పగులు పట్టిన తీగ వేడికి విడిపోతుంది. అందుకే మొదట ఒకసారి మూడుసార్ల లెక్క చేసి, ఒక వీడియో పెట్టి వదిలేసి, తెర, స్పీకర్లు, ఛార్జింగ్ పిన్ను చూసుకుని, ఆఖరున మళ్లీ అదే లెక్క చేయండి.

కీబోర్డ్ మధ్యలో కీలు బిగుతుగా ఉన్నా, ల్యాప్‌టాప్ బల్ల మీద పెడితే ఒక మూల ఊగుతున్నా, టచ్‌ప్యాడ్ క్లిక్ అవ్వడం కష్టమైనా అది కీబోర్డ్ తప్పు కాకపోవచ్చు. కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తూ ఉండొచ్చు. పక్క నుంచి కంటి ఎత్తులో పెట్టి చూస్తే పొట్ట వచ్చినట్టు కనపడుతుంది. దాన్ని చేత్తో అదమకండి, ఛార్జింగ్ పెట్టకండి. కొనకండి అని వేరే చెప్పాలా?

బేరం

ఒకటి రెండు కీల తప్పు దొరికింది, మిగతాదంతా నచ్చింది అనుకుందాం. ల్యాప్‌టాప్ మోడల్ నంబరు కింద స్టిక్కర్ మీద ఉంటుంది, దాని కీబోర్డ్ ధర ముందే కనుక్కోండి. మామూలు మోడళ్లకు నా దగ్గర కీబోర్డ్, కూలీ కలిపి ఒకటిన్నర వేల నుంచి మూడు వేల దాకా అవుతుంది. పల్చటి కొత్త మోడళ్లలో కీబోర్డ్‌ని పై బాడీకి ప్లాస్టిక్ రివిట్లతో కలిపేస్తారు. అప్పుడు వాటిని ఒక్కొక్కటే కరిగించి తీయాలి, లేదా పై బాడీ మొత్తం మార్చాలి. కూలీ రెట్టింపవుతుంది. అటువంటి వాటికి ఆ డబ్బంతా ధరలో తగ్గించమని అడగండి. 'స్ప్రే కొడితే పోతుందండీ' అని ఆయన అంటే, కొట్టించి చూపించమనండి. తడి వల్ల తీగ తినేసి ఉంటే ఏ స్ప్రే కూడా తీగను పుట్టించదు.

కీలు మీరే పీకి చూడకండి. డెస్క్‌టాప్ కీబోర్డ్ కీలు పళ్లలా ఊడి వస్తాయి, మళ్లీ నొక్కితే కూర్చుంటాయి. ల్యాప్‌టాప్ కీ కింద కత్తెరలా మడతపడే సన్న ప్లాస్టిక్ ముక్కలు రెండుంటాయి. ఒక కొక్కెం విరిగితే ఆ కీ ఇక నిలబడదు, అమ్మేవాడు దాన్ని మీ ఖాతాలో వేస్తాడు.

చూసొచ్చాక లెక్క ఎక్కడ తప్పిందో ఇక్కడ రాయండి. మోడల్ పేరు, పలకని కీలు, రెండుసార్లు పలికిన కీలు, ఈ మూడూ ఉంటే ఒక్క కీ జబ్బా, తీగ జబ్బా, రిబ్బన్ జబ్బా అన్నది ఇక్కడి నుంచే చాలావరకు చెప్పగలను. రాత్రి తొమ్మిది తర్వాత షాపు మూసి చూస్తాను.